అవ్వల కోసం ఆగిన పియానో

శనివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం వీధి మలుపు దాకా వెళ్తే, దుకాణం అరుగు మీద చర్చి అవ్వ కూర్చుని ఉంది. ఆదివారం ఆరాధనలో ముందు వరుస చాప మీద కూర్చుని అందరికంటే గట్టిగా పాడే అవ్వ ఆవిడే. నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"టీచరమ్మ పోయింది బిడ్డా. తెల్లారంగ దవాఖానలనే పానం ఇడిసింది" అంది.

నేను పాలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. మా ఆయన వంటింట్లోంచి "పాలేవీ?" అంటే, "టీచరమ్మ పోయారు" అన్నాను. ఆయన స్టవ్ కట్టేసి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆవేళ మా ఇంట్లో కాఫీ లేదు.

మీలో ఆవిడ తెలిసినవాళ్ళు ఉండకపోవచ్చు. షామీర్‌పేట దాటాక అలియాబాద్ వైపు కొత్తగా లేచిన కాలనీల్లో ఒకదాంట్లో, మాకు ఆనుకునే ఆవిడ ఇల్లు. మేడ్చల్లో ఒక బడిలో పిల్లలకు సంగీతం చెప్పి రిటైరయ్యారు. మా కాలనీ వెనకాల రేకుల కప్పున్న చిన్న చర్చిలో పియానో వాయించేవారు. అందరూ టీచరమ్మ అనేవారు, మేమూ అదే అన్నాం. మేము గోదావరి జిల్లా నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్నవాళ్ళం. ఆవిడ దేవుడు వేరు, మా దేవుళ్ళు వేరు. మధ్యలో గోడ మాత్రం ఒకటే.

ఆ గోడ వల్లే పరిచయం. ఇంట్లో దిగిన కొత్తల్లో, వారమంతా సుచిత్ర చౌరస్తా ట్రాఫిక్‌లో నలిగి, సెలవు రోజు మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే చాలు, పక్కింట్లో పియానో మొదలయ్యేది. అదీ పాటంతా కాదు. ఒకే ముక్క. అదే ముక్క మళ్ళీ, మళ్ళీ. నాకసలే ఓపిక తక్కువ. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి తలుపు కొట్టాను.

తలుపు తీసినావిడ పొట్టిగా, తెల్లగా నెరిసిన జడతో, ముక్కు మీదకు జారిన కళ్ళద్దాలతో ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే, "నిద్ర చెడగొట్టిన్నా బిడ్డా? లోపలికి రా, రా" అన్నారు. పోట్లాటకు వెళ్ళినదాన్ని సకినాలు తింటూ కూర్చున్నాను. పియానో అంటే గుర్రమంత పెట్టె అనుకునేదాన్ని, అక్కడున్నది గోడకు ఆనించిన నల్లటి బల్లలాంటిది, కరెంటు మీద నడిచే డిజిటల్ పియానో. ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, "ఇగ నువ్వు పోయి పండుకో. నేను వాయించేది నాకే ఇనబడ్తది" అన్నారు.

వచ్చి పడుకున్నాను. గోడ అవతల నుంచి టకటక, టకటక. పాట లేదు, పియానో మెట్లు నొక్కే చప్పుడొక్కటే వస్తోంది. అది ఇంకా ఘోరం! ఐదు నిమిషాలు ఓర్చుకుని, మళ్ళీ వెళ్ళి తలుపు కొట్టి, "టీచరమ్మగారూ, మీకో దండం, ఆ హెడ్‌ఫోన్ తీసేసి పాటే వాయించండి" అన్నాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి నాకు ఆ పియానో వినిపిస్తేనే నిద్ర పట్టేది.

నాకు పియానో రాదు. ఇప్పటికీ రాదు. దాని గురించి నాకు తెలిసిందల్లా పియానోలో పెన్‌డ్రైవ్ ఎక్కడ గుచ్చాలో, ఏ బటన్ నొక్కితే దాచిన పాట పలుకుతుందో అంతే. ఆ విషయంలో మాత్రం ఆవిడకు నేనే గురువును. ఫోన్లో ఉన్న పాటను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే ఆ పియానో ముఖం తిప్పుకునేది. ఫైల్ దానికి నచ్చిన రకంలోనే ఉండాలి, దానికి నచ్చిన ఫోల్డర్‌లోనే ఉండాలి. మా అత్తగారికి కూడా అన్ని పట్టింపులు లేవు. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని కాబట్టి ఆ ఫైళ్ళను మార్చి, పేర్లు పెట్టి ఇచ్చేదాన్ని. స్క్రీన్ మీద పాట పేరు కనబడగానే టీచరమ్మ పియానో నెత్తిన నిమిరి, "ఒప్పుకున్నవా తల్లీ" అనేవారు.

వాయించే ముందు గాజులు తీసి కిటికీలో పెట్టడం, కొంగుతో మెట్లన్నీ ఒకసారి తుడవడం ఆవిడ అలవాటు. నేర్చుకునే పిల్లలకు ఆవిడ చెప్పే మొదటి మాట, "తప్పు పడ్డదా? పడనియ్యి. మొకం మాత్రం మార్చకు. నీ మొకం చూసే తప్పని ఎరుకైతది వాళ్ళకు." ఈ మాటను నేను ఆఫీసు మీటింగుల్లో ఎన్నిసార్లు వాడుకున్నానో!

పోయినేడు ఆవిడకు పెద్ద జబ్బు బయటపడింది. ఆసుపత్రికి వెళ్ళి మందులు ఎక్కించుకుని వచ్చేవారు. ఆ మందులకు వేళ్ళ చివర్లు మొద్దుబారడం మొదలైంది. కూరగాయల కత్తికి వేలు తెగినా తెలియడం లేదని మొదట్లో నవ్వుతూ చెప్పారు. తర్వాత ఒకరోజు పియానో ముందు కూర్చుని, మెట్టు మీద వేలు పెట్టి తీసి, పెట్టి తీసి చూసుకుంటున్నారు.

"నొక్కినట్టు ఎరుకైతలేదు బిడ్డా" అన్నారు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆవిడ భయం చావు గురించి కాదని నాకు ఆ రోజే అర్థమైంది. ఆ చర్చిలో వాయించేవాళ్ళు ఇంకెవరూ లేరు. నేర్చుకునే పిల్లలకు ఇంకా రెండు చేతులూ కలిపి వాయించడం రాలేదు. కొందరు పడుచువాళ్ళు, ఫోన్లో రెడీమేడ్ మ్యూజిక్ దొరుకుతుంది కదా, స్పీకర్లో పెట్టి పాడదామంటున్నారు. కానీ ఆ చర్చివాళ్ళ బాణీ ఆ ఫోన్లో దొరకదు. ఆ కీర్తనలను అక్కడి అవ్వలు తమ అమ్మల దగ్గర నేర్చుకుని, తమకు తోచినంత సాగదీసి, ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ ఆగి పాడతారు. స్పీకర్లో పరాయి పాట పెడితే అవ్వలు నోరు మూసుకుని కూర్చుంటారని టీచరమ్మ దిగులు.

"జబ్బు సంగతి ఆ దేవుడు చూస్కుంటడు. పాటల సంగతి నేను చూస్కోవాలె" అని, వేళ్ళు పూర్తిగా మాట వినడం మానేసేలోపు చర్చి పాటలన్నీ వాయించి పియానోలో దాచాలని నిశ్చయించుకున్నారు. చర్చిలో కూడా ఇలాంటి పియానోనే ఉంది. ఇంట్లో రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే అక్కడ పలుకుతుంది. సాయంత్రాలు నేను ఆఫీసు నుంచి రాగానే రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కడానికి వెళ్ళేదాన్ని. మా ఆయన, "ఆఫీసులో ఇంత శ్రద్ధగా చేసుంటే ఈపాటికి మేనేజర్ అయ్యేదానివి" అని దెప్పేవారు. అయినా కందిపొడి కలిపిన అన్నం డబ్బాలో పెట్టి మా ఇద్దరికీ గోడ మీదుగా అందించేదీ ఆయనే.

ఆ పాటలు ఎంత బాగా వచ్చాయో! తాళం తప్పకుండా ఉండాలని పియానోలోని టిక్కు టిక్కు పెట్టుకుని, తప్పు పడితే చెరిపి, మళ్ళీ వాయించి, తళతళలాడేలా తయారు చేశారు.

ఆవిడ ఆసుపత్రిలో ఉన్న ఒక ఆదివారం వాటిని మొదటిసారి చర్చిలో పెట్టారు. బటన్ల సంగతి తెలిసినదాన్ని కాబట్టి పాస్టరుగారు కబురు పెడితే నేనూ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ప్లే నొక్కగానే పియానో ఎత్తుకుంది. మెట్లు కదలవు, ముందు మనిషి ఉండదు, పాట మాత్రం వస్తుంది. పిల్లలు పాడటం మానేసి ఆ మెట్లనే చూస్తున్నారు. పల్లవి బాగానే సాగింది. చివరి మాట దగ్గర ముందు వరుస అవ్వ ఎప్పటిలాగే సాగదీసింది. పియానో ఎందుకాగుతుంది? చరణంలోకి వెళ్ళిపోయింది. సగం మంది దాని వెంట పరిగెత్తారు, సగం మంది అవ్వ దగ్గరే ఉండిపోయారు. అవ్వ గాభరాపడి పల్లవి మళ్ళీ ఎత్తుకుంది. పియానో రెండో చరణంలో ఉంది. మగవాళ్ళు ఎటూ తేల్చుకోలేక చప్పట్లు కొడుతున్నారు. ఎవరి పాట వారిదై, చివరికి ఎలాగో ముగిసింది.

పాస్టరుగారు నుదుటి చెమట తుడుచుకుని, "కన్నులు మూసుకుందాం, ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ తలలు వంచారు. అప్పుడు పియానో తనంతట తానే తర్వాతి ఫైలు అందుకుంది. అది క్రిస్మస్ పాట! మండే ఎండాకాలం, రేకుల కింద ఉడికిపోతున్న జనం, నడుమ ఆ పండగ దరువు. పిల్లలు ఎగిరి గంతులేశారు. నేను పరిగెత్తుకెళ్ళి దాని నోరు నొక్కాను.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి చెప్తే, చేతికి సూది ఉందని కూడా చూడకుండా టీచరమ్మ కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత అడిగారు, "అవ్వ పాడిందా?"

"మొదటి పాట తర్వాత పాడలేదండీ."

ఆవిడ ముఖం చిన్నబోయింది. "తప్పు నాదే. పాటను వాయించిన, మనుషులను మరిచిన" అన్నారు.

ఇంటికి వచ్చాక ఆ పాటలన్నీ చెరిపేయమన్నారు. నాకు ఒళ్ళు మండింది. "అంత కష్టపడి చేసినవి! అవ్వలకే రెండు వారాలు ప్రాక్టీసు చేయిస్తే సరిపోతుంది కదా" అని గట్టిగానే వాదించాను.

"అవ్వ నేర్చుకోదని కాదు. ఆమెకు ఊపిరి అంతనే ఉంది. ఉన్న ఊపిరితోని పాడుతాంది. మిషిన్ కోసం ఆమె ఉరుకాల్నా?" అన్నారు. నేను చెరిపేశాను.

మర్నాడు మధ్యాహ్నం నుంచి అవ్వలు రావడం మొదలుపెట్టారు. హాల్లో చాప పరిచి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేవారు. వాళ్ళు పాడుతుంటే, వాళ్ళ నోళ్ళు చూస్తూ, వాళ్ళ వెనకే వాయించేవారు టీచరమ్మ. టిక్కు టిక్కు తీసేశారు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఎర్ర బటన్ దగ్గర కూర్చున్నాను. మొదటి పాట అవగానే వినిపిద్దామని ప్లే నొక్కాను. అందులో పియానో తప్ప ఇంకేమీ లేదు. ఆ పియానో తన పలుకే దాచుకుంటుంది, గదిలో గొంతులు దానికి ఎక్కవు.

ముందు వరుస అవ్వకు కోపం వచ్చింది. "ఏందమ్మా గిది? ఇంతసేపు గొంతు సింపుకుంటే ఒక్క ముక్క గూడ రాలె? గా మాత్రానికి మమ్ముల ఎందుకు పిలిసినవ్?"

"నీ గొంతు లేదు గని, నీ ఊపిరి ఉంది అండ్ల. జర ఇను" అన్నారు టీచరమ్మ.

మళ్ళీ పెట్టాను. పల్లవి చివర పియానో ఆగింది. సరిగ్గా అవ్వ సాగదీసే చోట, ఆవిడ సాగదీసేంత సేపు. తర్వాత ఊపిరి తీసుకునే చోట ఇంకాస్త. అవ్వ తనకు తెలియకుండానే పాడటం మొదలుపెట్టింది. పాడుతూ పాడుతూ సగంలో ఆపి, పక్కావిడ తొడ మీద చరిచింది. "ఓయమ్మో, నా కోసం ఆగుతాందే ఇది!"

టీచరమ్మ నా వైపు చూశారు. ఆ చూపులో ఉన్న సంతోషాన్ని నేను ఎప్పటికీ మరచిపోలేను. ఏ పెద్ద మాటా లేదు, కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఇగ రెండోది పెట్టు బిడ్డా" అన్నారు.

ఆ వేసవంతా అలా గడిచింది. వేళ్ళు రోజురోజుకూ మొరాయిస్తున్నాయి. పక్క మెట్టు పలికేది, ఒక్కోసారి రెండు కలిసి పలికేవి. "చెరిపేసి మళ్ళీ వాయిద్దామా?" అని అడిగితే, "ఉండనియ్యి. నేనే వాయించిన్నని గుర్తుపడ్తరు" అనేవారు. పడుకోండని నేను కసురుకునేదాన్ని, "ఇదొక్కటి" అని ఆవిడ బతిమాలేవారు. మా ఇద్దరి గొడవ మధ్యలో అవ్వలు మజ్జిగ తాగేవారు.

నాకు ఎదుటివాళ్ళ మాట మధ్యలో అందుకునే దురలవాటు ఉంది. మా ఇంట్లో అందరికీ ఉంది, అందరం ఒకేసారి మాట్లాడి ఒకేసారి అలుగుతాం. టీచరమ్మ దగ్గర నేను ఎవరి మాటనైనా తుంచితే, ఆవిడ పియానో మీద నుంచి ఒక వేలు పైకెత్తేవారు, అంతే. "వాళ్ళది అయిపోనియ్యి" అని దానర్థం. అవ్వలు ఒక చిన్న సంగతి చెప్పడానికి గాజులరామారంలో ఉన్న కోడలి నుంచి మొదలుపెట్టి ఎక్కడెక్కడో తిరిగి వచ్చేవారు. వినగా వినగా తెలిసింది, అసలు మాట ఆ తిరుగుడు చివరే ఉంటుందని. ఇప్పుడు మా అమ్మ ఫోన్ చేస్తే నేను ఫోన్ పెట్టేసే తొందరలో ఉండటం లేదు. అమ్మకు కారణం తెలియదు. నాకు తెలుసు. అందుకు ఆవిడకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

ఆవిడ చర్చికి వెళ్ళలేకపోయిన ఆదివారాల్లో ఆ పాటలే నడిచాయి. అవ్వలు పాడారు. ఫోన్లో మ్యూజిక్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పాటలయ్యాక అవ్వ నేరుగా ఆవిడ మంచం దగ్గరకు వచ్చి, "మంచిగనే వాయించినవ్ ఇయ్యాల" అని చెప్పి పోయేది. టీచరమ్మ కూడా "నువ్వూ మంచిగనే పాడినవంట" అనేవారు. మధ్యలో ఒక్కరు కూడా నవ్వేవారు కాదు, నేను తప్ప.

భూస్థాపన ఆదివారం మధ్యాహ్నం. ఆవిడను పడుకోబెట్టిన పెట్టెను చర్చిలో పియానోకు పక్కగా పెట్టారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉంటే పాస్టరుగారు వచ్చి, నా చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టారు.

"ఇది టీచరమ్మ నాకిచ్చిందమ్మా, ఈ రోజు కోసమని. ఒక్కటే పాట ఉందట. నువ్వే పెట్టాలె" అన్నారు.

ఆ ఫైలు నేను ఎప్పుడూ చూడలేదు. నేను ఆఫీసులో ఉన్న వేళ, అవ్వలెవరూ లేకుండా, ఒక్కరే కూర్చుని వాయించుకున్నారన్నమాట. పెన్‌డ్రైవ్ గుచ్చి, ప్లే నొక్కి, పక్కకు జరిగాను. పియానో ముందున్న బల్ల మీద కూర్చోవడానికి నాకు మనసు రాలేదు.

వాళ్ళు సమాధుల దగ్గర పాడే పాట అది. వేళ్ళు బాగా తడబడ్డాయి, పక్క మెట్లు పలుకుతూనే ఉన్నాయి. అయినా పల్లవి చివర ఆగింది. వాయించినప్పుడు అవ్వ ఆ గదిలో లేకపోయినా, ఆవిడ ఊపిరి ఎంతో టీచరమ్మకు తెలుసు. అవ్వ ఎత్తుకుంది, వెనక జనమంతా ఎత్తుకున్నారు. ఒక్కో చరణం నెమ్మదిగా నడిచింది. చివరి చరణానికి ముందు అవ్వ పాడటం ఆపేసింది. పెట్టె అంచు మీద తల పెట్టి భోరుమంది. దాంతో చర్చి అంతా ఏడుపు. పాస్టరుగారు కూడా చేతిలో పుస్తకం మూసేశారు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

కాసేపటికి తట్టింది నాకు, పియానో కూడా పలకడం లేదు. ఫైలు చెడిపోయిందనుకుని గబగబా వెళ్ళాను. చిన్న స్క్రీన్ మీద అంకెలు నడుస్తూనే ఉన్నాయి. పాట అయిపోలేదు. అది ఆగి ఉంది.

ఏం చేయాలో తెలియక ఆపే బటన్ మీద వేలు పెట్టి నిలబడ్డాను. అప్పుడు పియానోలోంచి ఒక్క స్వరం వచ్చింది, చాలా మెల్లగా. చివరి చరణం మొదలయ్యే స్వరం. అవ్వ తలెత్తలేదు. పియానో మళ్ళీ ఆగింది. చాలాసేపు. జనం ముక్కులు తుడుచుకుంటున్నారు. అదే స్వరం మళ్ళీ వచ్చింది, ఇంకా మెల్లగా.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని లేచి కూర్చుంది. "సూసినవా, మనం ఏడుస్తమని ఎరికే ఆమెకు" అంది నాతో. అని, ఊపిరి బిగబట్టి చివరి చరణం ఎత్తుకుంది. పియానో ఆవిడ వెనకే వచ్చింది.

పాట అయిపోయింది. నలుగురు వచ్చి పెట్టె లేపారు, అవ్వలు చెప్పులు వెతుక్కుంటూ వెనకే నడిచారు. పియానో ముందు బల్ల ఖాళీగా ఉంది. పాటయ్యాక కూడా ఆవిడ రికార్డు ఆపినట్టు లేదు, స్క్రీన్ మీద అంకెలు ఇంకా నడుస్తున్నాయి. నేను దాన్ని ఆపకుండానే వేలు తీసేసి, అందరితో పాటు ఎండలోకి వచ్చేశాను.